సీసాకు చెమట పట్టకూడదు

పర్లాకిమిడి,
జ్యేష్ఠ మాసం

చి.ల.సౌ. బుజ్జికి మీ మేనత్త ఆశీర్వదించి రాయునది.

నిన్న ఫోనులో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. మూడు అనాసపళ్లు కోసి, ముక్కలు ఎండబెట్టే కరెంటు యంత్రం రాత్రంతా నడిపి, సీసాలో పోసి పెట్టుకుంటే పన్నెండు రోజులకే తెల్లటి బూజు! సీసా మొత్తం పారేశానన్నావు, అది మంచి పని. బూజు పట్టిన ముక్క ఒక్కటి తీసేసి మిగతావి తినేవాళ్లను చూశాను. బూజు కంటికి కనబడినంత మేరే ఉండదు తల్లీ, దాని వేళ్లు పక్క ముక్కల్లోకీ పాకి ఉంటాయి. ఫోనులో చెబితే సగం నేను మరిచిపోతాను, సగం నువ్వు మరిచిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. వంటింటి అలమర తలుపు లోపల అంటించుకో.

నువ్వు చెప్పినదాన్ని బట్టి చూస్తే, తొందరగా అయిపోతుందని వేడి 70 డిగ్రీల దగ్గర పెట్టావు. పైన ముట్టుకుని గట్టిపడిందని తీసేశావు. ముక్కలోని నీరు లోపలి నుంచి నెమ్మదిగా పైకి రావాలి, పైకి వచ్చినదాన్ని గాలి పట్టుకుపోవాలి. వేడి మితిమీరితే పైపొర గబగబా ఎండి పెచ్చు కడుతుంది, లోపలి నీటికి దారి మూసుకుపోతుంది. చేతికి గట్టిగా తగులుతుంది, మధ్యలో మాత్రం తడి అలాగే ఉంటుంది. యంత్రం కొన్న మొదటి ఏడు నేనూ క్యారెట్ ముక్కలతో ఇదే చేశాను. గాజుపెంకుల్లా మెరుస్తుంటే మురిసిపోయి డబ్బాకెత్తాను. నెల తిరగకుండానే మూత తీస్తే పులిసిన వాసన గుప్పుమంది.

అనాస, అరటి, మామిడి లాంటి పళ్లకు 57 డిగ్రీలు పెట్టు. కూరగాయలకు 52 నుంచి 57 చాలు. కరివేపాకు, పుదీనా లాంటి ఆకులకు 35 దాటనివ్వకు, దాటితే వాసన గాలికి పోయి పసరు లేని గడ్డి మిగులుతుంది. అనాసకు నా యంత్రంలో పదిహేను పదహారు గంటలు పడుతుంది, ముసురు రోజుల్లో ఇంకా ఎక్కువ. గంటలు లెక్కపెట్టి తీసేయకు. ఒక ముక్కను బయట పెట్టి చల్లారనివ్వు. వేడి మీద ముక్క మెత్తగా అనిపిస్తుంది, చల్లారితేనే దాని అసలు సంగతి తెలుస్తుంది. తర్వాత చించి, చిరిగిన చోట వేళ్లతో గట్టిగా నొక్కు. తడి మెరిసినా, వేలికి చెమ్మ తగిలినా మళ్లీ యంత్రంలోకే. పండు ముక్క తోలులా వంగాలి, మడిస్తే దానికదే అతుక్కోకూడదు. కూరగాయ ముక్క వంగకూడదు, పుటుక్కున విరగాలి. ఎండిన బెండకాయ చక్రాలు స్టీలు పళ్లెంలోకి వంపితే గలగలమని గింజల్లా మోగాలి. ఆ చప్పుడు ఒకసారి చెవికి పట్టిందంటే ఇక మరిచిపోవు.

చప్పుడు, స్పర్శ చాలవనిపిస్తే తూకం ఉంది. కిలో అనాస ముక్కల్లో దాదాపు 860 గ్రాములు నీరే. పళ్లలో ఐదో వంతు చెమ్మ మిగిలినా నిలవ ఉంటాయి కాబట్టి, ఎండాక 170 గ్రాముల దగ్గర తేలాలి. 250 తూగితే పని కాలేదన్నమాట. టమాటాలో నీరు ఇంకా ఎక్కువ, కిలోకు 65 గ్రాములు మిగిలితే సరిపోయింది. కాయను బట్టి అటూ ఇటూ అవుతుంది, అయినా వంటింటి త్రాసు పక్కనే పెట్టుకో. మొదటి ఏడాది అదే నీకు గురువు.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. ఎండిన ముక్కలను నేరుగా దాచే సీసాలోకి ఎత్తేయకు. యంత్రం నుంచి తీసి అరగంట, మహా అయితే గంట చల్లారనివ్వు. ఈ కాలంలో అంతకంటే ఎక్కువసేపు ఆరుబయట ఉంచితే గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుంటాయి. తర్వాత ఒక పెద్ద గాజుసీసాలో మూడింట రెండు వంతుల వరకే పోసి, మూత బిగించి, కంటికి ఎదురుగా ఉండే చోట పెట్టు. రోజుకు ఒకసారి బాగా కుదుపు. ఇలా వారం, పది రోజులు. ఎంత సమానంగా తరిగినా కొన్ని ముక్కలు తక్కువ ఎండుతాయి, కొన్ని ఎక్కువ. సీసాలో ఆ తేడా సర్దుకుంటుంది. సర్దుకోలేనంత తడి ఉంటే అది దాగదు. పొద్దున్నే వెలుతురుకు ఎత్తి చూస్తే మెడ దగ్గర, మూత అంచు కింద ఆవగింజంత నీటిచుక్కలు కనబడతాయి. మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, దీన్నే సీసాకు చెమట పట్టడం అనేది. చెమట కనబడితే అన్నీ పళ్లేల మీద పరిచి మళ్లీ మూడు నాలుగు గంటలు ఎండబెట్టు. నువ్వు ఆ పన్నెండు రోజులూ సీసాను చీకటి గూట్లో పెట్టావు. ఎదురుగా పెట్టి ఉంటే అది రెండో రోజే నీకు చెప్పేది.

మీ అత్తగారు ఎండలో పెడితే పోయేదానికి ఈ యంత్రం దేనికి అన్నారట. ఆవిడ మాటలో నిజముంది, ఎదురు చెప్పకు. చైత్ర వైశాఖాల్లో మన ఎండకు మించిన యంత్రం లేదు. మామిడి ఒరుగులు నేను ఇప్పటికీ మేడ మీదే చేస్తాను. పుల్లటి కాయ తరిగి, ఉప్పు పట్టించి, చాప మీద పాత పంచె పరిచి ఆరబోసి, పైన పలచటి గుడ్డ కప్పుతాను. పొద్దు వాలగానే ఇంట్లోకి తెచ్చేస్తాను, రాత్రి మంచుకు పగటి కష్టమంతా నీరుగారిపోతుంది. మా వీధిలో ఒడియావాళ్లు చేసుకునే ఆంబుల కూడా ఇలాంటిదే. అయితే ఎండలో పని జరగాలంటే వేడి 30 డిగ్రీలకు పైన ఉండాలి, గాలిలో తేమ 60 శాతానికి లోపల ఉండాలి. తొలకరి పడ్డాక అటు వంశధార గట్టునున్న మీకూ ఇటు మహేంద్రతనయ నది పక్కనున్న మాకూ ఎండ కాసినా ఆ తేమ తగ్గదు. అనాసలు దండిగా వచ్చేది సరిగ్గా ఇప్పుడే. సవర గిరిజన ఆడవాళ్లు కొండ మీది నుంచి గంపలతో దింపుతుంటే చూస్తూ ఊరుకోలేం. యంత్రం ఈ నెలల కోసమే అని ఆవిడకు మెల్లగా చెప్పు. ఎండలో ఆరినవాటిలో పురుగుగుడ్లు మిగిలే అవకాశం ఉంది కాబట్టి, దాచేముందు గట్టిగా మూసిన సంచిలో రెండు రోజులు ఫ్రీజరులో ఉంచి తీయండి.

తరగడం గురించి ఒక్క మాట. అర సెంటీమీటరు మందం, అన్నీ ఒకే మందం, అంతే. అనాసకు మధ్య కాడ తీసేయి. అరటి ముక్కలను నిమ్మరసం కలిపిన నీళ్లలో ఐదు నిమిషాలు ముంచితే నల్లబడడం తగ్గుతుంది. జింకు పూత వేసిన ఇనుప జాలీ మీద పుల్లటి పండు ఎప్పుడూ పరవకు, పులుపుకు ఆ లోహం కరిగి తిండిలోకి దిగుతుంది.

క్యారెట్, బీన్సు, కాలీఫ్లవర్, బఠాణీలను మాత్రం మరిగే నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లటి నీళ్లలో వేసి, వార్చి, ఆ తర్వాతే పళ్లేలకెక్కించు. పచ్చిగా ఎండబెడితే వాటిలో రంగునీ రుచినీ పాడుచేసే గుణం చావదు, సీసాలో కూర్చుని తన పని తాను చేసుకుపోతుంది. రెండు నెలలకు బీన్సు గడ్డి వాసన కొడుతుంది. ఆవిరి మీద పెట్టగలిగితే ఇంకా మంచిది, సారం నీళ్లలోకి పోదు. బెండ, టమాటా, ఉల్లి, మిరపకు ఈ పని అక్కరలేదు. ఉల్లిని పళ్లతో కలిపి యంత్రంలో పెట్టావో, అరటి ముక్కలన్నీ ఉల్లి వాసనే.

సగం ఎండినవాటి మధ్యలోకి కొత్తగా తరిగిన తడి పళ్లెం దూర్చకు, దీని ఆవిరి వాటిని మళ్లీ నానబెడుతుంది. నీ యంత్రానికి పంకా అడుగున ఉందన్నావు కాబట్టి కింది పళ్లేలు పైకి, పైవి కిందికి మధ్యలో ఒకసారి మార్చు. అన్నం వార్చే చోట దాన్ని నడపకు. కరెంటు పోతే మూత మూసి ఉంచవద్దు. వెచ్చటి తడిలో బూజు ఎంత హాయిగా పెరుగుతుందో! వెంటనే పళ్లేలు బయటికి తీసి గాలికి పరిచి, కరెంటు రాగానే ఎక్కించు. రాత్రంతా రాకపోతే ఆ విడత మీద ఆశ వదులుకో.

కరెంటు అంటే 2018 అక్టోబరు గుర్తుకొస్తోంది. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు నువ్వు హాస్టల్లో ఉన్నావు. మాకు ఇక్కడ చెట్లూ స్తంభాలూ కూలిపోయి రోజుల తరబడి దీపం లేదు. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ రెండో రోజుకే పాడయ్యాయి. బజారులో కూరగాయ అన్నది కనబడలేదు. అప్పుడు అటక మీది సీసాలు దింపాను. గోరుచిక్కుడు ఒరుగులు, టమాటా పొడి, ఎండు మునగాకు, చల్ల మిరపకాయలు. కట్టెల పొయ్యి మీద పప్పులో మునగాకు వేసి, టమాటా పొడితో చారు పెట్టి, మా వాకిట్లో తలదాచుకున్న రెండు కుటుంబాలకు కూడా వడ్డించాను. ఆ చారు తాగుతూ ఒక ఐదేళ్ల పిల్ల ఇంకొంచెం పొయ్యమని గ్లాసు చాచింది. ఇప్పటికీ సీసా నింపుతుంటే ఆ గ్లాసు నా కళ్ల ముందుంటుంది. నీ చేత ఈ పని సరిగా చేయించాలని నేను ఇంత పట్టుబడుతున్నది అందుకే.

పెద్ద సీసా ఒక్కటి కాకుండా చిన్నవి నాలుగు నింపు, మూత తీసిన ప్రతిసారీ తేమ లోపలికి పోతుంది. పేరు, తేదీ రాసి వెలుతురు, వేడి తగలని చోట పెట్టు. పది రోజుల పరీక్ష నెగ్గాక చీకటి గూడే మంచిది. కూరగాయలు ఆరు నెలల్లో వాడేసుకో, పళ్లు ఇంకొంత కాలం ఆగుతాయి. వండేటప్పుడు ముక్కలు మునిగేటన్ని వేడినీళ్లు పోసి గంట నాననిచ్చి, ఆ నీళ్లతోనే ఉడికించు. ఉప్పు చివర్లో వెయ్యి, ముందే వేస్తే ముక్క మెత్తబడడానికి మొరాయిస్తుంది.

మీ మామగారికి చక్కెర జబ్బు కదా, ఎండు అనాస ఆయన చేతికి అందనీయకు. గుప్పెడు ముక్కలంటే సగం పండు చక్కెర, తినేటప్పుడు మాత్రం ఏమీ తిన్నట్టుండదు. ఆయన కోసం కాకర, బెండ ఎండబెట్టు.

రథయాత్రకు ముందు ఆదివారం మీ బావ గుణుపురం బండికి వస్తున్నాడు. వాడితో నా అనాస సీసా ఒకటి పంపుతున్నాను, నీ ముక్కను దాని పక్కన పెట్టి చించి చూసుకోవడానికి. తిరుగు బండికి నీ రెండో విడతలోవి ఓ పది ముక్కలు కాగితంలో పొట్లం కట్టి పంపించు. అందరినీ అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మేనత్త