నరసన్నపేట తమ్ముడికి, బొప్పాయి గురించి

తమ్ముడూ, నీది నరసన్నపేట అన్నావు కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను. మాది ఆమదాలవలస పక్క పల్లె, అంటే నువ్వూ నేనూ ఒకే గాలి పీల్చి పెరిగినవాళ్ళం. హ్యూస్టన్ వచ్చి ఎనిమిది నెలలైంది, అద్దె ఇంటి వెనకాల ఖాళీ జాగా ఉంది, ఆన్‌లైన్‌లో ఊదా రంగు బొప్పాయి గింజలు పది 20 డాలర్లకి అమ్ముతున్నారు, అవి కొననా లేకపోతే అమ్మ చేత ఊరి గింజలు తెప్పించుకోనా అని కదా అడిగావు. రెండూ వద్దు.

ముందు ఆ ఊదా రంగు సంగతి. బొప్పాయి పండు లోపల పసుపు ఉంటుంది, నారింజ ఉంటుంది, ఎరుపు ఉంటుంది, అంతే. ఊదా రంగు ఉండేది ఆకు కాడకి, మన దేశంలో వాషింగ్టన్ అనే పాత రకానికి అలగే ఉంటుంది, కోస్తే లోపల పసుపే. ఫోటోలో రంగు మార్చి అమ్మేవాళ్ళకి నీ 20 డాలర్లు ఇవ్వకు. 20 డాలర్లంటే ఎంతో ఒకసారి రూపాయల్లోకి మార్చి చూసుకో, ఊళ్ళో మీ అమ్మ ఆ డబ్బుతో ఎన్ని రోజులు కూరగాయలు కొంటుందో చూసుకో. వచ్చిన కొత్తలో అందరూ 'ఇరవయ్యే కదా' అంటారు, నేనూ అన్నాను. 2009లో వచ్చాను, మొదటి పన్నెండేళ్ళలో ఈ ఒక్క చెట్టు మీద 900 డాలర్ల దాకా పోగొట్టుకున్నాను. ఆ లెక్కలు రాసిన నోట్‌బుక్కు నా దగ్గర ఇప్పటికీ ఉంది.

అందులో మొదటి లెక్క 300 డాలర్లు. 2012లో ఊరెళ్ళి తిరిగొస్తుంటే మా అమ్మ పెరట్లో బొప్పాసికాయ గింజలు తీసి, బూడిదలో దొర్లించి, ఎండబెట్టి, పేపర్లో పొట్లం కట్టి ఆవకాయ డబ్బా పక్కన పెట్టింది. గింజలే కదా, ఎవడడుగుతాడు అనుకున్నాను. విమానంలో ఇచ్చిన కస్టమ్స్ ఫారం మీద విత్తనాలు ఏమైనా ఉన్నాయా అంటే లేవు అని టిక్కు పెట్టీసాను. ఎయిర్‌పోర్ట్‌లో సూట్‌కేసు విప్పించారు, పొట్లం తీసారు, గింజలు పోయాయి, పైన 300 ఫైను. అప్పుడు నా జీతం ఎంతని, ఆ నెల అద్దె కట్టడానికి రూమ్‌మేట్‌ని అడగాల్సొచ్చింది. గింజలు తెచ్చుకోవడానికి పర్మిట్లు, సర్టిఫికెట్లు ఉంటాయి, ఆ రూల్సు ఇక్కడి వ్యవసాయ శాఖ వెబ్‌సైట్‌లో చదువుకో, ఇంకేం తెచ్చినా కస్టమ్స్ వాళ్ళకి ఉన్నది ఉన్నట్టు చెప్పీ, చెప్తే మహా అయితే తీసుకుని పారేస్తారు, ఫైను పడదు.

ఆ గింజలు వచ్చినా నాకు పెద్ద లాభం ఉండేది కాదని తర్వాత తెలిసింది. మన పెరటి చెట్లలో చాలావాటికి మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. పది గింజలు వేస్తే దగ్గర దగ్గర సగం మగవే వస్తాయి, అవి పూస్తాయి తప్ప కాయవు. ఊళ్ళో మనకి ఇది తెలీకపోవడానికి కారణం ఉంది, అక్కడ పిట్టలు రెట్ట వేస్తే బావి దగ్గర నాలుగు మొక్కలు వాటంతట అవే లేచేవి, పనికిరానిది మా నాన్న కత్తితో కొట్టీసేవాడు, పైసా ఖర్చు లేదు. ఇక్కడ ఒక్కో మొక్కని ఆరు నెలలు నీళ్ళు పోసి, మట్టి కొని పెంచాక అది మగదని తెలిస్తే ఆ ఆరు నెలల డబ్బూ పోయినట్టే.

నాకీ తేడా నేర్పింది పక్కింటి వియత్నాం పెద్దాయన. వాళ్ళకి పచ్చి బొప్పాయి కోరి సలాడ్ చేసుకోవడం అలవాటు, అందుకని చెట్టు గురించి మనకంటే బాగా తెలుసు. నా చెట్టు మొదటిసారి పూసినప్పుడు గోడ మీద నుంచి చూసి వచ్చాడు, ఆకు చంకలోంచి ఒక మొగ్గ తుంచి, అరచేతిలో పెట్టుకుని, బొటనవేలి గోరుతో ఒక్కో రేకూ వెనక్కి వలిచాడు. లోపల బఠాణీలా ఉబ్బిన పిందె ఒక్కటే ఉంది, చుట్టూ పుప్పొడి తిత్తులు లేవు. ఇది ఆడది అన్నాడు. తర్వాత నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళి ఇంకో మొగ్గ వలిచాడు, పిందె సన్నగా, దోసపిందెలా పొడుగ్గా ఉంది, రేకుల మొదట్లో పసుపు రంగు తిత్తులు అతుక్కుని ఉన్నాయి. మగా ఆడా ఒకే పువ్వులో. అలాంటి చెట్టయితే ఒక్కటి చాలు, పక్కన ఇంకోటి అక్కర్లేదు, కాయ కూడా పొడుగ్గా వస్తుంది. ఆడ చెట్టు కాయ గుండ్రంగా ఉంటుంది. మగ చెట్టుకైతే మొగ్గ వలవక్కర్లేదు, పొడుగాటి కాడలకి గుత్తులు గుత్తులుగా సన్నటి పూలు వేలాడుతుంటాయి, దూరం నుంచే తెలిసిపోతుంది.

నేను ఆడ చెట్టుకి 45 డాలర్లు పెట్టాను తమ్ముడూ, అదీ 'అరుదైన పొట్టి రకం' అని పోస్టులో తెప్పించుకుని. చుట్టుపక్కల పుప్పొడి ఇచ్చే చెట్టు లేక పిందెలు రాలిపోయాయి, నిలిచిన రెండు మూడూ గింజ లేని చిన్న బుడిపెలు.

ఇంకో 60 డాలర్లు బబాకో అనేదానికి పోసాను. ఇది ఈక్వెడార్ కొండల మొక్క, బొప్పాయికి దూరపు చుట్టం, కాయకి అయిదు పలకలుంటాయి, గింజే ఉండదు, కొమ్మ నాటి పెంచాలి. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. చల్లటి చోట బతికేది, మా ఎండకి జులైలోనే ఆకు వేలాడేసి చచ్చిపోయింది. శాన్‌ఫ్రాన్సిస్కో వైపు ఉన్నవాళ్ళు పెట్టుకుంటే పెట్టుకోవచ్చు. నువ్వు దాని జోలికెళ్ళకు.

ఇప్పుడు నేల సంగతి, ఇది శ్రద్ధగా చదువు. మా ఊళ్ళో బొప్పాయి ఎక్కడ లేస్తుంది? గిన్నెలు తోమిన నీళ్ళు వెళ్ళే చోట. అది చూసి పెరిగాను కాబట్టి బొప్పాయికి నీళ్ళంటే ఇష్టం అనుకుని, వెనక పెరట్లో వాననీరు చేరే పల్లంలో నాటాను. ఊళ్ళో మా ఇంటి దగ్గర నేలలో ఇసుక పాలు ఎక్కువ, నీళ్ళు పారి పోయేవి, నిలిచేవి కావు, ఆ తేడా నా బుర్రకి ఎక్కలేదు. హ్యూస్టన్ నేల జిగట మట్టి, వానొస్తే బంకలా పట్టీసి నీటిని వదలదు. 2017 ఆగస్టులో హార్వే తుఫాను వచ్చినప్పుడు నాలుగు రోజులు కురిసింది, మా పెరట్లో మోకాలి లోతు నీళ్ళు. అప్పటికి నా దగ్గర రెండు మంచి చెట్లు ఉన్నాయి, ఒకదానికి 23 కాయలు, నేను లెక్కపెట్టాను. నీళ్ళు తీసాక చెట్లు నిలబడే ఉన్నాయి, హమ్మయ్య అనుకున్నాను. మూడో రోజు ఆకులు పసుపుబారి కిందికి వేలాడిపోయాయి, వారానికి చేత్తో తోస్తే మొదలు మెత్తగా ఒరిగిపోయింది, వేరు దగ్గర కుళ్ళిన వాసన. బొప్పాయి వేరు రెండు రోజులు నీళ్ళలో నానితే ఇంక బతకదు. మన వాళ్ళు హుద్‌హుద్ అప్పుడు, తిత్లీ అప్పుడు గాలికి చెట్లు పోగొట్టుకున్నారు, ఉద్దానంలో కొబ్బరి చెట్లు పడిపోయింది నీకూ తెలుసు. ఇక్కడ నాకు గాలి ఏం చెయ్యలేదు, కింద నిలిచిన నీరే చంపింది.

అప్పట్నుంచీ మట్టి రెండడుగుల ఎత్తు గుట్ట పోసి దాని మీదే నాటుతున్నాను. మట్టి కొనకు. ఎండుటాకులు, వంటింటి చెత్త ఒక మూల కుప్ప వేస్తే ఏడాదికి మంచి ఎరువవుతుంది, మనూళ్ళో పెంటపోగు లాగే.

నీది అద్దె ఇల్లు, పైగా హెచ్1బి, వచ్చే ఏడాది ప్రాజెక్టు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండొచ్చు. ఇంటి ఓనరు నేలలో ఒక్క గునపం కూడా దించకు, డిపాజిట్‌లో కోత పెడతారు. పెద్ద కుండీలో వేసుకో, అడుగున చిల్లులు బాగా ఉండాలి, ఊరు మారితే ఎవరికో ఇచ్చి వెళ్ళొచ్చు. ఇంటి ముందు మాత్రం పెట్టకు, కాలనీ అసోసియేషన్ వాళ్ళు ఉత్తరం పంపిస్తారు, నాకు వచ్చింది, 50 డాలర్లు.

ఇంక చలి. నా నోట్‌బుక్కులో ఎక్కువ డబ్బు తిన్నది ఇదే. నీళ్ళు గడ్డకట్టే చలి ఒక్క రాత్రి పడితే బొప్పాయి ఆకు నల్లగా ఉడికినట్టయిపోతుంది, కాస్త ఎక్కువ పడితే కాండం కూడా పోతుంది. చెట్టుకి దుప్పట్లు కప్పాను, లోపల బల్బులు పెట్టాను, తర్వాత ప్లాస్టిక్ గుడారం 180కి కొన్నాను, హీటరు 70కి కొన్నాను, ఆ హీటరు వల్ల ఒక్క చలికాలం కరెంటు బిల్లు 110 ఎక్కువొచ్చింది. కాసిన కాయలు చూస్తే తొమ్మిది. బజార్లో కాయ మూడు డాలర్లకి దొరుకుతుంటే నేను ఎంత పెట్టి తిన్నానో నువ్వే లెక్కేసుకో. చివరికి 2021 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో మైనస్ 10 డిగ్రీలు పడింది, ఊరు ఊరంతా కరెంటు పోయింది, కరెంటే లేనప్పుడు హీటరు ఏటి చేస్తుంది, గుడారంలో ఉన్నవన్నీ ఒక్క రాత్రికి పోయాయి.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. చెట్టుని చలికాలం దాటించడానికి డబ్బు పెట్టడం మానీసి, చలి రాకముందే కాయ చేతికొచ్చేలా నాటే నెల మార్చుకున్నాను. సెప్టెంబర్లో చిన్న కుండీల్లో గింజ వేస్తాను. గింజ చుట్టూ జిగురు పొర ఉంటుంది కదా, దాన్ని జల్లెడలో రుద్ది కడిగీసి వేస్తే రెండు మూడు వారాల్లో మొలుస్తుంది. చలి రాత్రుల్లో ఆ కుండీలు గరాజ్‌లోకి తోసీడమే, జానెడు మొక్కలకి హీటరు అక్కర్లేదు. మార్చి మధ్యలో బయట నాటుతాను, ఏప్రిల్ ఆఖరికో మే నెలకో పూస్తుంది. పూత నుంచి పండుకి అయిదారు నెలలు పడుతుంది కాబట్టి అక్టోబర్, నవంబర్లకి పండు తింటాం. జూన్ దాటాక పట్టిన పిందె చెట్టు మీద పండదు, దాని మీద ఆశ పెట్టుకోకు, చలికి ముందు పచ్చికాయే కోసీ. పచ్చికాయ ముక్కలు ఉడకబెట్టి, ఎండుమిరపకాయ పోపులో ఆవ పెట్టి చేస్తే మన ఊరి భోజనమే. నా భార్య ఆ కూర చేసిన రోజు వియత్నాం పెద్దాయనకి ఒక గిన్నె వెళ్తుంది.

జులై, ఆగస్టుల్లో పూలన్నీ రాలిపోతే కంగారుపడి మందులు కొనకు. ఎండ మరీ ఎక్కువైతే మగా ఆడా రెండూ ఉన్న పువ్వు మగ పువ్వులా మారిపోయి పిందె కట్టదు, చల్లబడితే మళ్ళీ కడుతుంది. పూత నిలబెడుతుందని ఒక డబ్బా మందు 35 డాలర్లకి కొన్నాను, దాని వల్ల ఏమీ జరగలేదు. అలగే ఆకు పచ్చా పసుపూ మచ్చలై ముడుచుకుని, కాయ మీద ఉంగరాల్లాంటి గుండ్రటి గీతలొస్తే అది పేనుబంక మోసుకొచ్చే వైరస్, దానికి మందు లేదు, పీకీసి పారేయడమే. హవాయిలో 1990ల్లో తోటలకి తోటలే ఆ రోగానికి పోతే అక్కడి శాస్త్రవేత్తలు జన్యువు మార్చి రెయిన్‌బో అనే రకం 1998లో రైతులకి ఇచ్చారు, బజార్లో పసుపు కండ ఉన్న చిన్న హవాయి కాయ చాలావరకు అదే.

ఇప్పుడు నువ్వడిగిన రకాలు. డిఫరెంటుగా ఏదైనా వెయ్యాలని ఉంది అన్నావు, నాకూ ఆ సరదా ఉంది, నేను కాదనను. మనూళ్ళో తైవాన్ రెడ్ లేడీ అంటారే, అది ఇక్కడా ప్యాకెట్లో దొరుకుతుంది, తక్కువ ఎత్తులోనే కాస్తుంది, లోపల ఎర్రగా తియ్యగా ఉంటుంది. కానీ అది హైబ్రిడ్, దాని పండులో గింజ తీసి వేస్తే మళ్ళీ అదే రకం వస్తుందని నమ్మకం లేదు, ప్రతి ఏడాదీ ప్యాకెట్ కొనాల్సిందే. టి.ఆర్. హోవీ అని ఇక్కడి నర్సరీల్లో ఒక పొట్టి రకం ఉంది, కుండీకి బాగుంటుంది, కానీ మొక్క ఖరీదెక్కువ, రెండో ఏడు చూద్దువుగాని. సోలో అనేది ఒక మనిషి ఒక్కడే తినగలిగేంత చిన్న కాయ, అందుకే ఆ పేరు, 1911లో బార్బడోస్ నుంచి హవాయికి వెళ్ళింది. ఇద్దరే ఉన్న ఇంటికి అదే మంచిది, కోసిన కాయ వృథా అవ్వదు. అయితే బజార్లో హవాయి కాయ కొని దాని గింజ వేసి చూసాను, ఒక్కటీ మొలవలేదు, పురుగు చావడానికి ఆ కాయలకి రేడియేషనో వేడి ఆవిరో పెట్టి పంపుతారు. గింజ ప్యాకెట్ కొనుక్కోవాలి.

మొదటి ఏడు నీకు నేను చెప్పేది మరదోల్. మెక్సికన్ షాపుల్లో పెద్దగా, పొడుగ్గా ఉండే ఎర్ర కాయ. క్యూబాలో ఒక రైతు తయారు చేసి తన భార్య మరియా పేరూ తన పేరు అడోల్ఫో కలిపి పెట్టాడట, ఆ కథ నాకు చాలా ఇష్టం. పొడుగు కాయ ఏరుకుని కొను, పండు తిను, గింజలు దాచు. పొడుగు కాయలో గింజ వేస్తే మూడిట్లో రెండు పాళ్ళు మగా ఆడా ఒకే పువ్వులో ఉన్న చెట్లే వస్తాయి. అందుకని ఒక్కో కుండీలో మూడేసి మొక్కలు ఉంచి, పూసాక మొగ్గ వలిచి చూసి మంచిది ఒక్కటి ఉంచు, మిగతావి పీకకుండా మొదలంటా కత్తిరించు, పీకితే పక్కదాని వేరు కదిలిపోతుంది. ఖర్చు ఒక పండు ఖరీదు, అది కూడా తినీసావు కాబట్టి లెక్కలోకి రాదు.

పోయిన ఏడు నా నాలుగు చెట్లకి కలిపి 61 కాయలు కోసాను, నోట్‌బుక్కులో ఖర్చు కాలమ్‌లో సున్నా ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరూ ఇది నమ్మరు, వీడియోలు చూసి కొనుక్కుంటారు, రెండేళ్ళ తర్వాత నన్ను అడుగుతారు. నువ్వు కొనకముందే అడిగావు, అది నాకు నచ్చింది.

కుండీలు కూడా కొనకు తమ్ముడూ. నర్సరీ వాళ్ళు పారేసే నల్ల ప్లాస్టిక్ కుండీలు నా గరాజ్‌లో ఇరవై దాకా ఉన్నాయి. సెప్టెంబర్ మొదటి వారం ఏదో ఒక శనివారం పొద్దున్నే రా, కుండీలు నాలుగు, కుప్ప ఎరువు ఒక బస్తా పట్టుకెళ్దువుగాని, కారు డిక్కీలో పరచడానికి పాత దుప్పటి తెచ్చుకో. భోజనం ఇక్కడే.