ఆ చివరి 9 అడుగుల సంగతి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. ఫ్లై ఫిషింగ్ రాడ్ మంచిదే కొన్నావు, 5 నంబర్ లైన్ (విసిరే లావు తాడు) దానికి సరిగ్గా సరిపోతుంది. మూడు రోజులు నీళ్ళలో నిలబడినా ఒక్క ట్రౌట్ చేప కూడా నీ ఫ్లై (పురుగులా కనపడేలా కట్టిన గాలం) ముట్టుకోలేదనీ, పెట్టెలో ఉన్న ఫ్లైలన్నీ మార్చి మార్చి విసుగొచ్చిందనీ రాశావు. లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే తీగ, అదే లీడర్, దాని గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం: "రాడ్‌తో పాటు వచ్చిందే వాడుతున్నాను." అది చదివాక నీ ఇబ్బంది ఎక్కడుందో నాకు చాలావరకు తెలిసిపోయింది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదువు.

మామూలు గాలంలో సీసం గుండు బరువుకి తీగ వెనకాల సాగిపోతుంది. మన ఫ్లైకి బరువే లేదు. ఇక్కడ బరువంతా లైన్‌ది. నువ్వు విసిరినప్పుడు ఆ లైన్ గాలిలో చుట్టలా వంగి, విప్పుకుంటూ ముందుకి వెళ్తుంది. చెర్నాకోల చూశావు కదా, పిడి దగ్గర లావుగా ఉండి కొసకి వచ్చేసరికి సన్నబడుతుంది. చేతిలో పుట్టిన ఊపు కొస దాకా చేరేది అలా సన్నబడటం వల్లే. లీడర్ చేసే పనీ అదే. లావు లైన్‌కి నేరుగా సన్నని తీగ కట్టావనుకో, ఊపు ముడి దగ్గరే చచ్చిపోయి ఫ్లై, తీగ కుప్పగా పడతాయి. చివరిదాకా లావు తీగే ఉంచావనుకో, ఫ్లై నీళ్ళ మీద చప్పుడుతో పడుతుంది, చేప పారిపోతుంది. లావు నుంచి సన్నానికి మెల్లగా దిగాలి, అంతే.

లైన్‌కి తగిలే లావు భాగాన్ని బట్ అంటారు. మధ్యలో సన్నబడుతూ వచ్చేది టేపర్. ఫ్లై కట్టే కొస టిప్పెట్. కొత్తవాళ్ళు టిప్పెట్ గురించే ఆలోచిస్తారు గానీ బట్‌ని పట్టించుకోరు. బట్ మెత్తగా ఉంటే లైన్ కొస దగ్గర తలుపు బందులా మడత పడుతుంది, ఊపు అక్కడే ఆగిపోతుంది. దీన్ని కొలతలతో పనిలేకుండా చేత్తోనే చూసుకోవచ్చు. లైన్, బట్ కలిసిన ముడికి అటూ ఇటూ జానెడు దూరంలో రెండు చేతులతో పట్టుకుని, చేతుల్ని మెల్లగా దగ్గరికి తీసుకురా. రెండూ కలిసి ఒకే గుండ్రని వంపు తిరిగితే బట్ సరైనదే. ముడి దగ్గర కోణంలా విరిగినట్టు వంగితే మాత్రం ఆ బట్ తీసేసి ఇంకాస్త లావుది కట్టు.

ఇప్పుడు నీ చేత్తో ఒకటి కట్టు. హోటల్ యజమానిగా, ఫ్లై ఫిషింగ్ నిపుణుడిగా పేరున్న చార్ల్స్ రిట్జ్ పేరు మీద ఒక పాత లెక్క చలామణిలో ఉంది: మొత్తం పొడవులో 60 శాతం బట్, 20 శాతం టేపర్, 20 శాతం టిప్పెట్. నేను కట్టేది దాదాపు అదే, గుర్తుపెట్టుకోవడానికి మాత్రం నాకో సొంత చిట్కా ఉంది. 21 నుంచి 7 దాకా బేసి సంఖ్యలు. ఇవి అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ మందం. బట్ కోసం 21ది 36 అంగుళాలు, 19ది 16, 17ది 12. ఆ తర్వాత 15, 13, 11, 9 నాలుగూ ఒక్కోటి 6 అంగుళాలు. చివర టిప్పెట్ 7ది, 20 అంగుళాలు. కూడి చూడు, సరిగ్గా 108 అంగుళాలు, అంటే 9 అడుగులు. ప్రతి మెట్టుకీ తేడా రెండే రెండు వెయ్యో వంతులు. అంతకంటే ఎక్కువ తేడా ఉన్న తీగల్ని కలిపితే ముడి సరిగా కూర్చోదు, సన్నది లావుదాని మీద జారుతుంది. ముళ్ళకి తీగ పోతుంది కాబట్టి ప్రతి ముక్కా నాలుగైదు అంగుళాలు ఎక్కువే కత్తిరించుకో.

ముక్కల్ని కలపడానికి బ్లడ్ నాట్ నేర్చుకో. రెండు కొసల్ని ఎదురెదురుగా పెట్టి, ఒకదాన్ని రెండోదాని చుట్టూ ఐదుసార్లు తిప్పి, కొసని వెనక్కి తెచ్చి మధ్య సందులో దూర్చు. రెండోదాన్ని కూడా అలాగే తిప్పి అదే సందులోకి అవతలి వైపు నుంచి దూర్చు. లావు తీగలకి మూడు నాలుగు చుట్లు చాలు. బిగించే ముందు నోట్లో పెట్టుకుని తడి చెయ్యి. ఇది నువ్వు ఎప్పటికీ మర్చిపోకూడని మాట. పొడిగా బిగిస్తే రాపిడికి వేడి పుట్టి నైలాన్ దెబ్బతింటుంది. చూడ్డానికి ముడి బాగానే ఉంటుంది, చేప లాగినప్పుడే బయటపడుతుంది.

నాకు అలా బయటపడిన రోజు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. పొద్దుగూకుతోంది, ఎదురుగా ఒక పెద్ద ట్రౌట్ మళ్ళీ మళ్ళీ పైకొచ్చి ఒకే చోట ఏదో తింటోంది. తొందరలో టిప్పెట్ మార్చి, తడి చెయ్యకుండానే లాగి బిగించేశాను. రెండో విసురుకే చేప పట్టింది. రాడ్ వంగింది, రీల్ తిరిగింది, ఒక్కసారిగా చేతిలో ఏమీ లేకుండా పోయింది. తీగ వెనక్కి లాక్కుని కొస చూస్తే ముడి ఉన్న చోటే తెగింది, ఆ అరంగుళం మేర తీగ గరుగ్గా తెల్లబడి ఉంది. ఎక్కడైనా సరే తెగిన కొసని అలా చూడకుండా పారేయకు, అది నీకు కారణం చెబుతుంది. కొస పంది తోకలా మెలికలు తిరిగి ఉంటే తీగ తెగలేదు, ముడి జారిపోయింది, చుట్లు తక్కువయ్యాయని అర్థం. తెల్లబడి గరుగ్గా ఉంటే ముడిని పొడిగా బిగించావనో, తీగ రాయికి ఒరుసుకుందనో అర్థం. ఏ ముడీ లేని చోట తెగితే, విసిరేటప్పుడు గాలిలో తనంతట తానే పడిన ముడి ఉండి ఉండాలి. ఆ గాలిముడి ఒక్కటి పడితే తీగ బలం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే పది పదిహేను విసుర్లకోసారి టిప్పెట్‌ని బొటనవేలు, చూపుడువేలు మధ్య జారవిడిచి చూసుకో. కంటికి కనపడనిది వేలికి తగులుతుంది.

టిప్పెట్ తీగ చుట్టి అమ్మే స్పూల్ మీద 4ఎక్స్, 5ఎక్స్ అని రాసి ఉండేది ఏమిటని అడిగావు. నైలాన్ రాకముందు, అంటే 1930ల దాకా, లీడర్లు పట్టుపురుగు పట్టు గ్రంథి నుంచి సాగదీసిన తీగలతో చేసేవాళ్ళు. అవి పొట్టిగా ఉండేవి, ముక్కలు ముక్కలుగా ముడివేసుకోవాల్సి వచ్చేది, కట్టే ముందు నీళ్ళలో నానబెట్టాలి. సన్నబరచడానికి వాటిని రంధ్రమున్న పలక గుండా లాగేవారు. ఆ పద్ధతి నుంచే ఈ ఎక్స్ లెక్క వచ్చింది. ఈరోజుకి తెలుసుకోవాల్సింది ఇంతే: 11 లోంచి ఎక్స్ సంఖ్య తీసేస్తే వెయ్యో వంతుల్లో మందం వస్తుంది. 4ఎక్స్ అంటే 7 వెయ్యో వంతులు, మిల్లీమీటర్లలో సుమారు 0.18. సంఖ్య పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుంది. ఇక ఏ ఫ్లైకి ఏ తీగ అంటే, హుక్ సైజుని 3తో భాగించు (సైజు సంఖ్య పెరిగే కొద్దీ హుక్ చిన్నది). 12 సైజు ఫ్లైకి 4ఎక్స్, 15 దగ్గరి వాటికి 5ఎక్స్, 18కి 6ఎక్స్. ఒకటి అటూ ఇటూ అయినా పర్వాలేదు. సన్న టిప్పెట్‌కి గుబురు ఫ్లై కడితే అది గాలిలో గిర్రున తిరిగి తీగంతా మెలేస్తుంది, ఆ ఒక్కటీ చూసుకో.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు. చేప పట్టకపోతే ఫ్లై మార్చకు, ముందు టిప్పెట్ పొడవు మార్చు. నీ లీడర్ చివర టిప్పెట్ జానెడు కూడా మిగిలి ఉండదని నా అనుమానం. కొన్న లీడర్‌కి ఫ్లై మార్చిన ప్రతిసారీ రెండు మూడు అంగుళాలు కత్తిరిస్తావు. పది ఫ్లైలు మారిస్తే టిప్పెట్ మొత్తం అయిపోయి టేపర్‌లోకి వచ్చేస్తావు. పెట్టె మీద 5ఎక్స్ అనే ఉంటుంది, నీ ఫ్లై మాత్రం 3ఎక్స్‌కి వేలాడుతూ ఉంటుంది. అప్పుడేమవుతుందో చూడు. ఫ్లై ప్రవాహం వేగంతో పోవాలి, కానీ బిరుసుగా, తిన్నగా పడిన తీగ దాన్ని ప్రవాహానికి అడ్డంగా లాగుతుంది. దీన్నే డ్రాగ్ అంటారు. నీకు 15 గజాల దూరం నుంచి అది తెలియకపోవచ్చు, ఫ్లై వెనక ఒక సన్నని గీత పడుతుందంతే. కింద ఉన్న చేపకి మాత్రం అది బతికున్న పురుగు చేసే పని కాదని తెలిసిపోతుంది. పైకొస్తుంది, చూస్తుంది, వెనక్కి తిరిగిపోతుంది.

ఒక రెండున్నర అడుగుల కొత్త టిప్పెట్ కట్టి విసిరి చూడు. తీగ నీళ్ళ మీద వదులు వదులుగా, పాము నడిచినట్టు వంపులతో పడుతుంది. ఆ వంపులు విప్పుకునేదాకా ఫ్లై స్వేచ్ఛగా కొట్టుకుపోతుంది. ఆ రెండు మూడు సెకన్లే నీకు కావాల్సింది. నిశ్చలంగా, అద్దంలా ఉండే నీళ్ళలో మూడడుగులు, నాలుగడుగులు కూడా పెట్టు, లీడర్ మొత్తం 12 అడుగులైనా తప్పులేదు. ఎప్పుడు ఎక్కువైందో అదే చెబుతుంది: టిప్పెట్ తనమీద తానే కుప్పగా పడుతుంటే అరడుగు కత్తిరించు. ఎదురుగాలిలో, పొదల మధ్య సన్న వాగుల్లో ఏడున్నర అడుగుల లీడర్ చాలు. చేపపిల్లలా కనిపించే పెద్ద స్ట్రీమర్లకి పొట్టిదీ లావుదీ కావాలి, మునిగే లైన్ మీదయితే నాలుగైదు అడుగులకి మించి పెట్టకు, లేకపోతే లైన్ కిందికి దిగినా ఫ్లై పైనే ఉండిపోతుంది.

నైలానా, ఫ్లోరోకార్బనా అని ఎక్కువ టెన్షన్ పడకు. పైన తేలే ఫ్లైలకి నైలాన్, ఎందుకంటే అది మెత్తగా ఉంటుంది, నీటికంటే కొంచెమే బరువు. ఫ్లోరోకార్బన్ సాంద్రత నీటికి 1.78 రెట్ల దాకా ఉంటుంది, త్వరగా మునుగుతుంది, రాళ్ళకి ఒరిపిడి బాగా తట్టుకుంటుంది, కాబట్టి నీళ్ళలో మునిగే నింఫ్ ఫ్లైలకి మంచిది. నీళ్ళలో అది అస్సలు కనపడదనే మాట మాత్రం నమ్మకు. దాని వక్రీభవన గుణకం, అంటే వెలుగుని వంచే లెక్క, 1.42, నీటిది 1.33; రెండూ ఒకటైతేనే తీగ కనపడదు. నైలాన్ కంటే నీటికి దగ్గరే కానీ మాయమైపోదు. అయితే ఫ్లోరోకార్బన్ బిరుసు, ముడి నిదానంగా బిగించాలి, నైలాన్‌నీ దాన్నీ కలిపేటప్పుడు సర్జన్స్ నాట్ (రెండు తీగల్నీ జంటగా పట్టుకుని వేసే ముడి) వేసి, అందులో మూడుసార్లు దూర్చు.

కొన్న లీడర్లు వద్దని నేను అనను. నాచు ఎక్కువగా ఉన్న నీళ్ళలో ముళ్ళు లేనిదే నయం, ప్రతి ముడికీ నాచు పట్టుకుంటుంది. కొత్తది విప్పగానే దాని కొసన ఒక టిప్పెట్ రింగ్ (చిన్న లోహపు ఉంగరం) కట్టేసుకో, ఇక అక్కడి నుంచి టిప్పెట్ మాత్రమే మారుస్తూ పోవచ్చు, టేపర్ చెక్కుచెదరదు. చుట్టలు చుట్టుకుని ఉంటే రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా లాగు, గోరువెచ్చగా అనిపిస్తే చాలు. గట్టిగా రుద్దితే వేడికి తీగే పాడవుతుంది. లైన్ లూప్‌కి లీడర్ లూప్ తగిలించేటప్పుడు రెండు చేతుల వేళ్ళు ఒకదాంట్లో ఒకటి పట్టుకున్నట్టు కూర్చోవాలి, ఒకటి రెండోదాని మెడకి ఉరిలా పడితే లైన్ కోసుకుపోతుంది. నైలాన్ స్పూళ్ళు ఎండలో వదిలేయకు, ఎండకి బలం పోతుంది. కొన్న నెల, సంవత్సరం స్పూల్ మీద రాసిపెట్టుకో.

ఇంకో మాట, ఇది బతిమాలి చెబుతున్నాను. కత్తిరించిన ముక్క ఎంత చిన్నదైనా ఒడ్డున వదలకు. కాళ్ళకి తీగ చుట్టుకుని ఎగరలేక కూర్చున్న కొంగని ఒకసారి విడిపించాను, ఆ కాలు అప్పటికే నల్లబడింది. జేబులో ఒక చిన్న డబ్బా పెట్టుకో, ముక్కలన్నీ అందులోకే.

వచ్చే ఆదివారం లోపు పైన చెప్పినట్టు మూడు లీడర్లు కట్టు. ఒకటి ఆరబెట్టిన దారంలా మెలికలు పడినా పారేయకు. ప్రతి ముడినీ తడిపి, బిగించి, రెండు చేతులతో గట్టిగా లాగి చూడు. తెగిన ముళ్ళు, జారిన ముళ్ళు అన్నీ ఒక కవర్లో వేసి తీసుకురా. ఒక్కోటీ వెలుతురులో పెట్టి చూద్దాం.

ప్రేమతో,
మామయ్య