షడ్జం (స) తర్వాత మోగింది మధ్యమమా (మ), పంచమమా (ప)?

సరళీ వరుసలు (కర్ణాటక సంగీతంలో మొదట నేర్పే స్వర పాఠాలు) తప్పులేకుండా పాడతాను గానీ, ఎవరైనా కీబోర్డు మీద స నొక్కి వెంటనే ఇంకో స్వరం నొక్కితే అది మధ్యమమో పంచమమో చెప్పలేకపోతున్నా అన్నారు కదా, టెన్షన్ పడకండి, మీ చెవికేం కాలేదు. ఎప్పుడూ వరుసలోనే పాడటంతో మనసులో సరిగమ లెక్కపెట్టుకుంటే తప్ప స్వరం దొరకట్లేదు, అంతే.

తంబూరా యాప్‌లో స–ప శ్రుతి (వెనక ఆగకుండా మోగే ఆధార స్వరాలు) పెట్టి పంచమం మీద గొంతు నిలపండి. కుదిరితే మీ గొంతు అందులో కలిసిపోయి విడిగా వినపడదు, కొంచెం తగ్గినా అలలు అలలుగా కొట్టుకుంటుంది, ఆ కొట్టుకోవడం ఆగేదాకా జరుపుతూ ఉండండి. కంపనాల లెక్కలో షడ్జంతో పంచమానిది 3:2 నిష్పత్తి, అందుకే అంత హాయిగా అతుకుతుంది. శుద్ధ మధ్యమం (రెండు మధ్యమాల్లో కిందిది, నిష్పత్తి 4:3) అదే శ్రుతిలో పాడి చూడండి, పక్కనే మోగే పంచమంతో ఒరుసుకుని, గాంధారానికి (గ) దిగిపోవాలనిపిస్తుంది.

అసలు కిటుకు ఇది: స నుంచి మ ఎంత దూరమో, ప నుంచి పై స కూడా అంతే దూరం. విన్న రెండు స్వరాలనీ ‘ప–స’ అని పాడుకోండి, ఇంటికి చేరినట్టు అనిపిస్తే అది మధ్యమమే.

రెండు రకాల గాంధారాల తేడాకి ఖరహరప్రియ, హరికాంభోజి రాగాలు వెంటవెంటనే పాడండి, రెంటికీ మారేది గాంధారం ఒక్కటే. క్విజ్ యాప్‌ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, నోటితో పాడాకే వాటి జోలికెళ్ళండి. కీబోర్డు మీద ఎవరైనా పరీక్ష పెడితే మాత్రం రోజూ షడ్జం వేరే మీట మీద పెట్టమనండి, లేదంటే చెవి ఆ రెండు మీటల మోతనే బట్టీ పట్టేస్తుంది.