పదకొండు కిలోమీటర్ల ప్రయాణానికి డీజిల్ బండి

ప్రశ్న: 2021 మోడల్ డీజిల్ ఎస్‌యూవీని ఏడాది కిందట సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. ఇప్పటికి 46 వేల కిలోమీటర్లు తిరిగింది. నిజాంపేట నుంచి మాదాపూర్‌లోని స్కూలుకు రోజూ నేనే నడుపుకుంటూ వెళ్తాను. ఒకవైపు 11 కిలోమీటర్లు, ట్రాఫిక్‌లో ముప్పావు గంట. ఐదు నెలల్లో మూడుసార్లు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు వెలిగింది. మూడోసారి పికప్ పూర్తిగా పోయి 40 దాటలేదు. సర్వీస్ సెంటర్‌వాళ్లు ఫిల్టర్ మార్చాలి, లక్షా పాతిక వేలవుతుందన్నారు. మా వీధి చివర మెకానిక్ దాన్ని తీసేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తాను, పాతిక వేలివ్వండి అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక టీచర్, నిజాంపేట

జవాబు: అమ్మా, ఇప్పుడే ఆ రెండింట్లో దేనికీ ఒప్పుకోకండి. ముందు బండి చల్లారాక, చదునైన చోట ఆపి, బానెట్ ఎత్తి ఇంజనాయిల్ ఎంత ఉందో చూపే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి చూడండి.

ఎందుకంటే పోయిన శ్రావణంలో మూసాపేటలోని మా షెడ్డుకు ఇలాంటి బండే వచ్చింది. ఆయనకు ఇంటి నుంచి ఆఫీసుకు తొమ్మిది కిలోమీటర్లు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పై గీత దాటి వేలెడు ఎత్తున ఉంది. ఇంజనాయిల్ తగ్గితే ఎవరైనా కంగారు పడతారు, పెరిగితే పట్టించుకోరు. రెండు వేళ్ల మధ్య రాసి చూశాను. జిడ్డు లేదు, నీళ్లలా జారిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన గుప్పుమంది. ‘రెండు నెలల కిందటే ఆయిల్ మార్పించానండీ’ అన్నాడాయన. ఆయిల్ మార్చినవాళ్ల తప్పేమీ లేదు. డీజిల్ వచ్చి అందులో కలిసింది.

అదెలాగో చెబుతాను. పొగగొట్టం దారిలో ఉండే డీపీఎఫ్ మసిని పట్టి ఉంచే ఫిల్టర్. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్‌6 అనే పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ కారు కిలోమీటరుకు 4.5 మిల్లీగ్రాములకు మించి మసి వదలకూడదు. అంతకుముందున్న బీఎస్‌4లో ఆ హద్దు 25 మిల్లీగ్రాములు. ఫిల్టర్ లేకుండా ఇంత తగ్గించడం కష్టం. పట్టిన మసి ఎప్పటికప్పుడు కాలిపోవాలి, దానికి పొగ వేడి 600 డిగ్రీల దాకా రావాలి. హైవే మీద బండి వేడిగానే ఉంటుంది కాబట్టి ఆ పని తొందరగా అయిపోతుంది. సిటీలో కంప్యూటరే చూసుకుని ఇంజన్‌లోకి కాస్త ఎక్కువ డీజిల్ కొట్టి, ఆ వేడిని పుట్టించాలని చూస్తుంది. పావుగంటో, ఇరవై నిమిషాలో పడుతుంది. సరిగ్గా ఆ సమయానికి మీరు స్కూలు గేటు దగ్గర ఇంజన్ ఆపేస్తారు. పని సగంలో ఆగిపోతుంది. సాయంత్రం మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. ఆ ఎక్కువ డీజిల్‌లో కాలని భాగం సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఆయిల్‌లో చేరుతుంది. పలచబడ్డ ఆయిల్‌తోనే బండి నడిపితే టర్బో, బేరింగులు అరిగిపోతాయి. అప్పుడు వచ్చే బిల్లు ముందు ఈ లక్షా పాతిక వేలు చిన్నదే.

కాబట్టి ఆయిల్ పెరిగి ఉంటే ముందు అది మార్పించండి. డబ్బా మీద సీ3 అని ఉండే, బూడిద తక్కువ వదిలే రకం వాడుతున్నారా లేదా మీ బండి పుస్తకంలో చూసి అడగండి. తరవాత స్కానర్ పెట్టించి మసి ఎంత నిండిందో, ఫిల్టర్‌కు ముందూ వెనకా ఒత్తిడి చూసే సెన్సర్ సరిగా పనిచేస్తోందో చూడమనండి. ఆ సెన్సర్ గొట్టం చిట్లినా, సెన్సర్ పాడైనా ఇదే లైటు వెలుగుతుంది. పొగను కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు, ఇంజెక్టర్లు, టర్బో పైపులు కూడా చూడాలి. ఇంజన్ లోపమేదో మసి ఎక్కువ పుట్టిస్తుంటే కొత్త ఫిల్టర్ వేసినా అదీ నిండిపోతుంది. అన్నీ బాగుంటే షెడ్డులోనే బండి నిలబెట్టి స్కానర్‌తో మసిని కాల్పించవచ్చు. మసి కాలుతుంది, ఆయిల్ నుంచి వచ్చే బూడిద మాత్రం కాలదు. ఫిల్టర్ బూడిదతో నిండడానికి లక్ష దాటి తిరగాలి. 46 వేలకే ఫిల్టర్ ఆయుష్షు తీరిందంటే నేను నమ్మను. మార్చాల్సిందే అన్నవాళ్లను స్కానర్ రీడింగు కాగితం మీద రాసి ఇమ్మనండి.

ఇక ఫిల్టర్ తీసేయడం. ఈ మాట నా దగ్గరికి వారానికి ఇద్దరైనా తెస్తారు, నేను చేయను. కంపెనీ ఇచ్చిన వివరాలు మారేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. దానికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చి చెప్పింది. ఫిల్టర్ బాగున్న బండి సైలెన్సర్‌లో తెల్లగుడ్డ పెట్టి తిప్పితే గుడ్డ తెల్లగానే బయటికొస్తుంది. తీసేసిన బండిలో పెడితే కాటుకలా అంటుకుంటుంది. రోజూ ఉదయం మీరు బండి ఆపేది పిల్లలు నిలబడే చోట అమ్మా.

రిపేరు అయ్యాక వారానికోసారి, ఆదివారం పొద్దున్నే, గచ్చిబౌలి దగ్గర ఔటర్ ఎక్కండి. శంషాబాద్ దాకా వెళ్లి రండి. ఒక గేరు తక్కువలో, 2,000 ఆర్‌పీఎం పైన, 70–80 వేగంలో అరగంట ఆగకుండా నడిస్తే చాలు. ట్యాంకులో పావువంతు కన్నా ఎక్కువ డీజిల్ ఉండాలి, తక్కువుంటే చాలా బండ్లు మసి కాల్చే పని మొదలుపెట్టవు. ఇంటికొచ్చాక ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ, ఐడ్లింగ్ మామూలుకన్నా ఎక్కువగా ఉండి, వేడి వాసన వస్తుంటే ఇంజన్ ఆపకండి. ఇంకో పది నిమిషాలు తిప్పి రండి.

ఇదంతా చేయడం కుదరదనుకుంటే బండిని ఊళ్లు తిరిగేవాళ్లకు అమ్మి పెట్రోలుది తీసుకోండి. ఇంజన్ చెడ్డది కాదు. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారమ్మా అని మీకు అమ్మినవాళ్లు అడగలేదు చూడండి, నాకు కోపం అక్కడే.

ప్రశ్న: నాది 2016 ఫోర్డ్ ఎకోస్పోర్ట్ డీజిల్. లక్షా పది వేలు తిరిగింది, ఏ ఇబ్బందీ లేదు. కంపెనీయే వెళ్లిపోయింది, తొందరగా అమ్మేయమని బామ్మర్ది పోరు పెడుతున్నాడు.
– ఒక పాఠకుడు, నల్లకుంట

జవాబు: అమ్మకండి సార్. బామ్మర్దిగారి భయం నాకు అర్థమవుతుంది. 1995లో మహీంద్రాతో కలిసి ఇక్కడికొచ్చిన కంపెనీ 2021 సెప్టెంబరు 9న ఇక కార్లు తయారుచేయమని ప్రకటించిన రోజు మా షెడ్డులో కూడా అందరం బాధపడ్డాం. పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయామని వాళ్లే చెప్పారు. 2010లో ఫిగో, 2013లో ఎకోస్పోర్ట్ వచ్చినప్పుడు ఆ షోరూముల్లో జనం ఎలా ఉండేవారో నేను చూశాను.

ఆ రోజులు డీజిల్ రోజులు. 2012లో పెట్రోలుకూ డీజిల్‌కూ లీటరుకు 30 రూపాయల దాకా తేడా. అమ్ముడయ్యే కార్లలో సగానికి పైగా డీజిల్‌వే. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ అదుపు తీసేశారు, తేడా తరుగుతూ వచ్చింది. 2024లో మన ఊళ్లో అది 12 రూపాయలు కూడా లేదు. 2015లో ఫోక్స్‌వాగన్ పొగ పరీక్షల మోసం బయటపడి ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల బండ్ల దాకా అందులో తేలాయి. డీజిల్ పేరే చెడింది. చివరికి బీఎస్‌6 వచ్చి చిన్న డీజిల్ ఇంజన్లను ఖరీదైనవిగా మార్చింది. స్విఫ్ట్ దగ్గర్నుంచి ఎన్నో బండ్లలో తిరిగిన ఫియట్ 1.3 ఇంజన్ 2020తో ఆగిపోయింది. నా చేతుల మీదుగా వందల సంఖ్యలో వెళ్లిన ఇంజన్ అది. శబ్దం విని ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పేవాణ్ని. మారుతీ అదే ఏడాది డీజిల్ కార్లు మానేసింది. ఫోర్డ్ దెబ్బతినడానికి ఇంకా కారణాలున్నాయి. పెద్ద ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు, వాటికి తగ్గ అమ్మకాలు రాలేదు. గుజరాత్‌లోని సనంద్ ఫ్యాక్టరీని టాటావాళ్లు 725.7 కోట్లకు కొని 2023 జనవరిలో తీసుకున్నారు.

మీ సంగతికి వస్తే, మీ బండి బీఎస్‌4 కాలం నాటిది. పై ఉత్తరంలోని అమ్మ పడుతున్న డీపీఎఫ్ బెడద ఆ కాలపు మామూలు కార్లలో చాలావాటికి లేదు. సర్వీసూ, స్పేర్లూ ఇస్తామని కంపెనీ వెళ్లేటప్పుడే చెప్పింది, నేను ఇప్పటికీ తెప్పిస్తూనే ఉన్నాను. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్ సామాను రాణిగంజ్‌లో దొరుకుతాయి. బంపరు, హెడ్‌లైటు లాంటివి ఆలస్యమవుతాయి కాబట్టి ఇన్సూరెన్సు మాత్రం తప్పనివ్వకండి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితాలు వెతకండి. మార్చాల్సిన గడువు కిలోమీటర్లలోనే కాదు, ఏళ్లలో కూడా ఉంటుంది. అది తెగితే అప్పుడు నిజంగా అమ్ముకోవాల్సి వస్తుంది. ఇప్పుడు అమ్మితే మీకొచ్చే డబ్బుకు ఇంత గట్టి బండి మళ్లీ రాదు.

ప్రశ్న: వ్యాపారం మీద వారానికి రెండుసార్లు విజయవాడ వెళ్లొస్తాను. కొత్త డీజిల్ కారు కొనవచ్చా?
– ఒక పాఠకుడు, ఎల్బీనగర్

జవాబు: నిస్సంకోచంగా కొనండి. ఒకవైపు 270 కిలోమీటర్లు ఆగకుండా నడిచే బండికి ఫిల్టర్ గొడవే రాదు. మీరు చూసే మోడల్‌లో యాడ్‌బ్లూ (పొగలోని విషవాయువులను తగ్గించడానికి విడిగా పోసే ద్రవం) ట్యాంకు ఉందేమో కనుక్కోండి. ఉంటే ఒక డబ్బా డిక్కీలో పెట్టుకోండి. అది పూర్తిగా అయిపోయాక ఇంజన్ ఆపితే, నింపేదాకా మళ్లీ స్టార్ట్ కాదు. రాత్రి పదింటికి సూర్యాపేట దాటాక దానికోసం వెతుక్కోవడం కష్టం.