బైపీసీ పాప ఎక్కడో దీవుల్లో పక్షుల్ని కాపాడతానంటోంది, ఏ కోర్సులో చేర్చాలి?

ఈసారి ప్రశ్న నెల్లూరు జిల్లా అల్లూరు వైపు రొయ్యల చెరువులు చేసుకునే ఒక నాన్న పంపారు. పాప ఇంటర్ అయిపోయింది, ఫోన్లో మిడ్వే దీవిలో చచ్చిన పక్షుల వీడియో చూసిందంట, పొట్ట నిండా ప్లాస్టిక్ మూతలు, అప్పట్నుంచి నీట్ లాంగ్ టర్మ్ వద్దు, అట్టాంటి చోట పనిచేస్తా అంటోందంట. ముత్తుకూరులో బీఎఫ్ఎస్సీ, అంటే ఫిషరీస్ డిగ్రీ, మేలా, జువాలజీ చేసి మెరైన్ బయాలజీకి పోతే మేలా, కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పే ఫారిన్ కోర్సు మేలా అని అడిగారు. ఆ ఫారిన్ దానికి అప్లికేషన్ ఫీజు కూడా కట్టేశారంట.

సార్, మీరు అడిగింది కోర్సు గురించే గానీ "ఒంటరి ఆడపిల్ల" అని ఎన్నిచోట్ల రాశారో ఒకసారి చూసుకోండి. మీ గుబులంతా పిల్ల కంటికి ఆననంత దూరం పోతాదేమోనని, అవునా? ఇట్టాంటి మెసేజీలు నాకు కొత్తేం కాదు, కోర్సు పేరు మారతాది అంతే.

మిడ్వే ఎక్కడుందో తెలిస్తే మీకే నవ్వొస్తాది. హవాయి దీవుల్లోని హోనలులు నుంచి 2,000 కిలోమీటర్ల పైన, నడి పసిఫిక్‌లో. చుట్టూ పాపహానౌమోకువాకేయా అనే రక్షిత ప్రాంతం, 2006లో ప్రకటించి 2016లో పెంచారు, 15 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశంలో దాదాపు సగం. పర్మిట్ లేకుండా కాలు పెట్టనివ్వరు, అమెరికా వన్యప్రాణి శాఖ సిబ్బంది, కాంట్రాక్టు పనివాళ్ళు, కొద్దిమంది వాలంటీర్లు తప్ప జనం ఉండరు. డిగ్రీ పట్టా చేతికి రాగానే ఎక్కే బస్సు కాదది, నిశ్చింతగా పడుకోండి.

పాపకి కూడా చెప్పాల్సింది ఉంది. సముద్రం మీద తేలే ప్లాస్టిక్‌కి చేపగుడ్లు అంటుకొని ఉంటాయి, ఆల్బట్రాస్‌లు అనే ఆ పెద్ద సముద్ర పక్షులు వాటితో పాటు మింగేసి పిల్లల నోట్లో కక్కుతాయి, వీడియోలో చూపించింది నిజమే. చూపించనివి ఇంకా ఉన్నాయి. 2015 నుంచి మిడ్వేలో చుంచెలుకలు గూట్లో పొదిగే పక్షుల్ని బతికుండగానే కొరికి తినడం మొదలుపెట్టినాయి. పాత మిలిటరీ బిల్డింగుల సీసం పెయింటు పెచ్చులు తిని పిల్లలకి రెక్కలు వాలిపోయేవి, ఆ మట్టి ఎత్తిపోశారు. ఒక కలుపు మొక్క గూళ్ళ జాగా ఆక్రమిస్తే దాన్ని పీకుతూనే ఉండాలి. తెగిన వలలు హవాయి మంక్ సీల్ అనే సముద్ర జంతువుల మెడకి చుట్టుకుంటాయి, అవి ప్రపంచం మొత్తమ్మీద 1,600 దాకా ఉన్నాయేమో అంతే. 2018లో వలాకా తుఫానుకి అదే రక్షిత ప్రాంతంలో తాబేళ్ళు గుడ్లు పెట్టే ఈస్ట్ ఐలాండ్ దాదాపు మొత్తం కొట్టుకుపోయింది. అంటే చేసే పనల్లా కలుపు పీకడం, ఎలుకల మీద పోరు, వలలు మోయడం, సాయంత్రం కూర్చొని లెక్కలు ఎక్కించడం. ఇదంతా విన్నాక కూడా సరే అందంటే పాపది వీడియో మోజు కాదు.

ఫారిన్ కోర్సు మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఇప్పుడు "మెరైన్ కన్జర్వేషన్" అంటే ఫ్యాషన్ అయిపోయింది, బ్రోచర్ మీద తాబేలు బొమ్మ వేస్తారు, లోపల ఫీజు. ఈ ఫీల్డులో జీతాలు మొదట్లో తక్కువ, అక్కడ ప్రభుత్వ ఉద్యోగాలు ఎక్కువ భాగం వాళ్ళ పౌరులకే, మరి లోన్ ఎవరు కడతారు, మీ రొయ్యలా? దీవిలో నెల రోజులు వాలంటీర్ అని మన దగ్గరే డబ్బులు తీసుకునేవి కూడా ఉన్నాయి, దాన్ని టూర్ అంటారు. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి: పక్క ఊరి డిగ్రీ కాలేజీకి పంపడానికి ఆడపిల్ల అని వెనకాడే మీరు ఫారిన్‌కి మాత్రం ఎవరినీ అడక్కుండా ఫీజు ఎట్టా కట్టారు? చుట్టాల్లో చెప్పుకోడానికి బాగుంటాదనేగా!

ఇక మిగిలినవి రెండు. బీఎఫ్ఎస్సీ అయితే నాలుగేళ్ళు, హేచరీలు, ఫీడ్ కంపెనీలు, ఫిషరీస్ శాఖ పోస్టులు, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఆఫీసర్, మీ మనసుకి దగ్గర. జువాలజీ అయితే ఐఎఫ్ఎస్, అదే అటవీ సర్వీసు, రాయొచ్చు, డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమ్మెస్సీకి ప్రయత్నించొచ్చు, మెరైన్ బయాలజీ మన విక్రమ సింహపురి యూనివర్సిటీలోనే ఉంది. దీవులే కావాలంటే పాండిచ్చేరి యూనివర్సిటీ అండమాన్ పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పుడు పేరు శ్రీ విజయపురం) ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ నడుపుతోంది, గ్రేట్ నికోబార్ గలాథియా బేలో తోలు తాబేళ్ళు గుడ్లు పెడతాయి, పోర్టు కోసం 2021లో ఆ చోటికి అభయారణ్యం హోదా తీసేశారు, పనికి కొదవేం లేదు. నేనైతే జువాలజీ అంటా. బీఎఫ్ఎస్సీలో వేసినా కొంపేం మునగదు.

చేర్చేలోపు ఒక పని చేయండి. చెన్నైలో స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ అని 1988 నుంచి సీజన్‌లో రాత్రిళ్ళు బీచ్ వెంబడి నడిచి తాబేలు గుడ్లు సేకరించి హేచరీలో పొదిగిస్తారు, జనవరి తర్వాత పాపని తీసుకెళ్ళండి, మీరూ నడవండి. మైపాడు దగ్గర చచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు కొట్టుకొచ్చినప్పుడు కూడా చూపించండి. మీ చెరువు నీళ్ళు ఏ కాలవలోకి వదులుతున్నారని పాప అడిగితే మాత్రం కసురుకోవద్దు, జవాబు చెప్పండి.

ఆ అప్లికేషన్ ఫీజు వెనక్కి ఇస్తారేమో అడిగి చూడండి, ఇవ్వం అన్నారంటే వదిలేయండి, దానికోసం మాత్రం మిగతాది కట్టొద్దు.