నీలం జుట్టు పండగలోగా ఎర్రబడుతుందా?

విజయనగరం సిరిమానోత్సవంలోగా నీలం జుట్టును ఇంట్లోనే ఎరుపు చేయొచ్చా అని ప్రశ్న. నీలం మీద నేరుగా ఎరుపు పూస్తే ఊదా వస్తుంది. అది నచ్చితే అక్కడితో ఆగిపోండి, జుట్టుకూ అదే మేలు. నారింజ మాత్రం వద్దు, బురద రంగు తేలుతుంది.

ఎరుపే కావాలంటే ముందు నీలం దిగాలి. రెండు వారాలు చుండ్రు షాంపూ, గోరువెచ్చని నీళ్లతో తలంటుకోండి. అప్పటికీ వదలకపోతే జుట్టుకు వాడే బ్లీచ్ పొడి ఒక వంతు, 6 శాతం డెవలపర్ (హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రీమ్) రెండు వంతులు కలిపి, మాడుకు తగలకుండా రాయాలి. ప్యాకెట్ మీది సమయం దాటనివ్వొద్దు. లేత ఆకుపచ్చ మిగిలిందా? మళ్లీ బ్లీచ్ చేయకండి, ముదురు ఎరుపు కప్పేస్తుంది, కాస్త మెరుపు తగ్గుతుందంతే.

లోహ లవణాలున్న గోరింటాకు పొడి ఇదివరకు పెట్టుంటే బ్లీచ్‌కు జుట్టు వేడెక్కి తెగిపోవచ్చు. ఒక పాయ మీద చూశాకే మొత్తానికి. అలర్జీ వస్తుందేమో చూసే చెవి వెనక పరీక్ష 48 గంటల ముందే.