షెడ్డుకు డబ్బు కట్టే ముందు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న దీవెనలు.

కారు పొద్దున్నే స్టార్ట్ కావడం లేదనీ, షెడ్డులో చూసీ చూడగానే ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు మార్చాలన్నారనీ నువ్వు రాసింది చదివాను. ఒకప్పుడు నేనూ ఇలాగే మాట నమ్మి సెల్ఫ్ మార్పించుకున్నాను. మర్నాడు కారు మళ్ళీ మొరాయిస్తే, అసలు లోపం బ్యాటరీ మైనస్‌ను కారు బాడీకి కలిపే ఎర్త్ వైరు వదులవడమేనని తేలింది. ఆ బాధ నీకు వద్దనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పి చూడు. లైట్లు బాగా మసకబారి టకటకమని చప్పుడు వస్తే బ్యాటరీలో చార్జింగ్ తగ్గిందని గాని, టెర్మినళ్ల (బ్యాటరీ మీద వైర్లు బిగించే కొసల) పట్టు సరిగా లేదని గాని అనుకోవాలి. వెలుగు తగ్గకుండా ఒక్కసారి టక్కుమని ఊరుకుంటే అప్పుడు సెల్ఫ్‌ను అనుమానించవచ్చు.

టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంటే, ఇంజన్ ఆపి, మైనస్ వైరు ముందు విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, పొడిగా తుడిచి, మళ్ళీ బిగించేటప్పుడు మైనస్‌ను చివరన బిగించు. కళ్ళకు, చేతులకు ఆ పొడి తగలనివ్వకు.

తర్వాత వోల్టులు కొలిచే మల్టీమీటరు ఒకటి కొను. ఖరీదు ఎక్కువేమీ కాదు. రాత్రంతా ఆగి ఉన్న కారులో బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సగానికి పడిపోయినట్టు. ఇంజన్ నడుస్తున్నప్పుడు మామూలుగా 13.8 నుంచి 14.4 వరకు రావాలి. కొత్త మోడళ్లలో కాస్త అటూఇటూ ఉంటుంది. ఇంజన్ తిరుగుతున్నా అంకె 12 దగ్గరే ఉండి పోనుపోను తగ్గుతుంటే ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని నింపాల్సిన డైనమో చార్జ్ చేయడం లేదన్నమాట. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో అదీ దిగిపోతుంది. బ్యాటరీల మీద అనవసరంగా డబ్బు పోసేది ఎక్కువగా ఇక్కడేనని నా నమ్మకం.

కారు కింద తడి గురించి కూడా అడిగావు. ఏసీ వేసుకుని వచ్చాక కారే రంగులేని నీళ్లకు భయపడనక్కరలేదు. పచ్చగానో గులాబీరంగుగానో ఉంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ కావచ్చు. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తీయకు.

రేపు పొద్దున తాళం తిప్పకముందు ఒకటి, ఇంజన్ అందుకున్నాక ఒకటి, రెండు రీడింగులు రాసుకుని నాకు ఫోన్ చెయ్యి. అంతవరకు షెడ్డులో అడ్వాన్సు ఇవ్వకు.

మీ పెదనాన్న